గుండీ

శంషాబాద్ కార్గో షెడ్డుల, తెల్లారగట్ల,
చెప్పుల డబ్బకంటె జరంత పెద్ద పెట్టెల నుంచి
రెండున్నర కిలోల కుక్క దిగింది.
బెల్లప్పాకం రంగు జుట్టు, మూతికి మీసం,
కండ్లు కడిగిన నేరేడుపండ్లు.

హైమవతి మేడం వంగి దాని చెవుల ఏదో అన్నది.
ముప్పయ్యేండ్లు తార్నాకల రష్యన్ జెప్పి,
పిల్లలు రాక క్లాసు మూతబడ్డంక
గొంతుల మిగిలిపోయిన భాష అది.
కుక్క తోక ఊపింది.
మేడం కండ్లద్దాలు తీసి తుడుసుకున్నది,
రెండుసార్లు.

నేనెవరంటే,
సైనిక్‌పురిల కుక్కలకు జుట్టు కత్తిరించేదాన్ని.
మా నాయిన మోత్కూరుల మనుషులకు గొరిగేది.
ఆయన కత్తెర ఇంక నా సంచిల్నే ఉంది, పదును పోలే.
మేడం కాయితం సదివి జెప్పింది:
"ఈ జాతికి కత్తెర తగలొద్దు సక్కుబాయీ, దువ్వెనే."
సరే అని కత్తెర లోపల వెట్టిన.
చెయ్యికి ఏం తోచలే.

జాతి.
ఎన్నిసార్లు ఇన్ననో ఆ మాట.
కస్టమ్స్ సారు అడిగిండు, ఏం జాతి?
లిఫ్టుల అడిగిన్రు, పార్కుల అడిగిన్రు,
ఇడ్లీ బండికాడ అడిగిన్రు.
బొలొంకా అంటె
"అంటె పామేరియనే గద" అన్నరు.
మున్సిపల్ ఆఫీసుల గుమస్తా కాయితమంత ఎతికి
'ఇతర' మీద టిక్కు వెట్టిండు.

నాకు నవ్వొచ్చింది.
ఏ.ఎస్. రావు నగర్ల కిరాయిల్లు ఎతికినప్పుడు
నన్నెవ్వరు గిట్ల సక్కగ అడగలే.
"ఏ ఊరు, నాయిన ఏం జేస్తడు, నీసు తింటరా?"
చుట్టు తిరిగి తిరిగి ఆడికే వచ్చి
"మా తమ్ముడు దిగుతుండమ్మా, ఇల్లు ఖాళీ లేదు" అన్నరు.
కుక్కకు మర్యాదుంది.
మొఖమ్మీదనే అడుగుతరు.

దాని పేరు క్నోప్కా. రష్యన్ల గుండీ అని అర్థమట.
వాచ్‌మన్ ఎల్లేశం నోట్ల పడి అది నొప్పి అయింది.
"ఓ నొప్పీ, దా, పాలు దాగు!"
అది రాలే. తెలుగు దానికి చప్పుడు.
గప్పుడు రెండో అంతస్తు అఫ్రీన్
మెట్ల మీద కూసొని మేడంను అడిగింది:
ఇటు రా అంటె ఎట్లనాలె?
కమ్నే.
కూసో అంటె?
సిద్యెత్.
వారం తిరిగేసరికి మెట్ల మీద పదకొండు మంది.
మేడం యాడనో దాసిన సుద్దముక్క బయటికి తీసింది.

మే నెల వచ్చింది.
నలభై మూడు డిగ్రీలు. కరెంటు పోతె గంటకు గాని రాదు.
క్నోప్కా నీళ్ళకుండకు కడుపానిచ్చి పండుకునేది,
నాలుక బయటవెట్టి, కండ్లు తెరిసి.
మేడం తడిగుడ్డ కప్పి
"ఎందుకు తెస్తినే నిన్ను" అన్నది.
దానితోటి ఆమె తెలుగు మాట్లాడంగ
నేను ఇన్నది అదే మొదలు.

జూన్ల గచ్చిబౌలి షో.
ఈ జాతిది దేశంల మొదటిసారి బరిల దిగుడని
పేపరాయనకు గుడ జెప్పింది మేడం.
దానికి ఇంక పదహారు రోజులుందనంగ, రాత్రి పదింటికి,
నాకు ఫోన్ జేసింది:
"సక్కుబాయీ, కత్తెర పట్టుకొని రా."

సెల్‌ఫోన్ బత్తీల, ఎల్లేశం ఇసనకర్ర ఊపుతుంటె,
మా నాయిన కత్తెరతోటి తీసిన:
మీసం, చెవుల కుచ్చులు, కడుపు కింద ఉంగరాలు,
కాయితంల రాసిన అందమంత.
మేడం ఒక్కసారి గుడ ఆపమనలే.
రాలిన జుట్టు పాత పేపర్ల మలిచి చేతికిస్తె
యాడ వెట్టాల్నో తెల్వక
రష్యన్ డిక్షనరీ ఎనక వెట్టింది.

తెల్లారి మెట్ల మీద పోరగాండ్లు గుర్తువట్టలే.
ఎల్లేశం గేటుకాడ నుంచి పిలిచిండు, "నొప్పీ!"
దాని చెవు, ఒక్కటే చెవు, లేచింది.
లేచి రాలే గని
కండ్లు మూసుకున్నది, సల్లగ.